పక్క మంచం పిల్లకి కాపలా

ఉప్పెనలో చంకకో గేదెను పెట్టుకుని ఈదినవాణ్ణి నేను. కోడూరు అవతల మా రేవులో నా కేక వింటే సొరచేప కూడా దారి మార్చుకునేది. అలాంటి నన్ను ఏడేళ్ల మనవడు వణికించాడు.

వాసుగాడు న్యుమోనియాతో పట్నం ఆసుపత్రిలో ఐసీయూలో ఉండి ఇంటికొచ్చాడు. ఊపిరితిత్తులు బాగయ్యాయి. నిద్ర మాత్రం రాలేదు. కునుకు పట్టబోతే ఉలిక్కిపడి లేచేవాడు. చీపురుపుల్లలా అయిపోయాడు. "ఐసీయూ పిల్లల్లో మామూలేనండీ, తగ్గిపోతుంది" అన్నాడు డాక్టరు. ఎప్పుడయ్యా తగ్గేది, పిల్లాడు రాలిపోయాకా? ఆ ఐసీయూలో పగలూ రాత్రీ ఒకటే లైటు. కూతలు పెట్టే మిషన్లు. కన్నతల్లిని గాజు తలుపు బయట నిలబెట్టారు! ఆ తలుపుని ఒక్క తన్ను తన్నాల్సింది.

ఓ మధ్యాహ్నం ముసురు పట్టింది. కరెంటు లేదు. గదంతా ఎండుచేపల వాసన. చూరు నీళ్ల చప్పుడు. వాసు మంచం మీద గుడ్లప్పగించి కూర్చున్నాడు.

"పడుకోరా, నేనున్నానుగా."

"కుదరదు తాతా. నాది కాపలా."

"ఎవరికిరా?"

"ఆసుపత్రిలో పక్క మంచం అక్కకి. భయమేస్తోందంది. నువ్వు పడుకో, నేను మేలుకుంటానన్నా. లేచాక తన వంతు."

పడవలో పడుకున్నవాడు లేచి వంతు అందుకునేదాకా రెండోవాడు రెప్ప వాల్చడు. మా రేవు పిల్లలకి ఉగ్గుతో పోసే కట్టుబాటది. కానీ ఆ పిల్ల లేవలేదు. తెల్లగుడ్డ కప్పి తీసుకెళ్తుంటే నా కూతురు వీరలక్ష్మి చూసింది. వాసుకి ఎవరూ చెప్పలేదు; ఇంకా పడుకునే ఉందనుకుంటున్నాడు.

కోపం నెత్తికెక్కింది. మీసం దువ్వి లేచి గాల్లోకి కేకేశాను.

"ఏయ్ పిల్లా! పసివాణ్ణి పీక్కుతింటావా? వాడి వంతు అయిపోయింది. ఇక కాపలా నాది, పో!"

వాసు అలాగే ఒరిగిపోయాడు. నిమిషంలో గురక!

వీరలక్ష్మి పరుగున వచ్చింది. "ఏం చేశావు నాన్నా?" గుసగుసగా అడిగింది.

"సముద్రాన్నే అదిలించినవాణ్ణి. ఇదో లెక్కా?"

కళ్లు తుడుచుకుని, వాడికి దుప్పటి కప్పి వెళ్లింది.

అప్పుడు వినపడింది... దుప్పటి కింద ఊపిరి. దాని వెనకే ఇంకొకటి... సన్నగా... ఆసుపత్రి మిషను లాగినట్టు.

దుప్పటి లాగేశాను. వాసు ఒక్కడే. ఒకటే ఊపిరి.

కప్పాను.

రెండు.

ఇప్పుడు వాడు కడుపునిండా తిని పడుకుంటున్నాడు. ఊరంతా నన్ను పొగుడుతోంది. నేను మాత్రం కన్ను మూయడం లేదు. దుప్పటి తీస్తే ఒకటి... కప్పితే రెండు... రోజూ ఇంతే.

నిన్న, తీసినా రెండు.