ఏసమ్మ విమానం పాయింట్లు

ఇట్లా దగ్గరికి జరగండి తల్లీ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి. తర్లుపాడు పక్కన పాలెంలో మేరీ అని ఒక కోడలుంది. ఆ పిల్ల ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మధ్యలో లేవకుండా వినండి.

ఆ గురువారం కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. మేరీ పిల్లలిద్దరినీ బడికి పంపి, బట్టలు నానబెడదామని అత్త ఏసమ్మ మంచం కిందికి చెయ్యి పోనిచ్చింది. ట్రంకుపెట్టె వెనక ఒక పాత చీర పీలిక చుట్ట చుట్టి ఉంది. విప్పితే ఎండిన నెత్తురు. ఒక్క మరక కాదు, మడత మడతకూ ఉంది.

"ఏందత్తా ఇది?"

ఏసమ్మ పెరట్లో చాట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. తలెత్తి చూసి చాట కింద పెట్టేసింది. "ఈ పక్క పన్ను ఊగుతా ఉంది లేమ్మా. దాని రక్తం."

"నీకు ఆ పక్క పళ్లే లేవు గదా!"

ఏసమ్మ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. ఆగాక కొంగుతో నోరు తుడుచుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పబాకమ్మే. యాత్రకు ఇంకా నెలే గదా ఉండేది. పోయొచ్చినాక నువ్వు ఏ ఆస్పత్రికి రమ్మంటే ఆ ఆస్పత్రికి వస్తా. ఇప్పుడు టికెట్టు వద్దంటే పాయింట్లన్నీ మునిగిపోతయ్యంట."

ఆ టికెట్టు సంగతి మీకు చెప్పాలి. మేరీ మొగుడు ఆనంద్ బాబు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. రెండేళ్ల కిందట బ్యాంకు కుర్రాడొకడు ఫ్యాక్టరీకి వచ్చి రెండు రకాల క్రెడిట్ కార్డులు చూపించాడు. ఒకదానికి ఖర్చులో కొంత డబ్బు వెనక్కి వస్తుంది. ఇంకోదానికి విమానం పాయింట్లు వస్తాయి, అవి పోగైతే టికెట్టు ఇస్తారు.

"డబ్బులొచ్చేదే తీసుకో. మనమెప్పుడు విమానమెక్కాల?" అంది మేరీ.

"మనం గాదు. అమ్మ."

అంతే, ఆ మాటతో పాయింట్ల కార్డు ఇంటికొచ్చింది. ఏసమ్మ పదో ఏట పలకల గనిలో దిగిన మనిషి. మొగుడు పౌలు కూడా అక్కడే రాయి చీల్చి, నలభై ఆరేళ్లకే దగ్గి దగ్గి పోయాడు. ఏసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నదిలో ఒక్కసారి కాళ్లు తడుపుకుందామని ఆలుమగలిద్దరూ పెళ్లైన కొత్తలో అనుకున్నారట. ఆయన పోయాక ఏసమ్మ ఆ మాట ఎత్తలేదు కానీ, కొడుకు మరిచిపోలేదు.

అయితే నూరు రూపాయలు ఖర్చు పెడితే రెండు పాయింట్లు. ఆనంద్ బాబు జీతంతో గీకుతూ పోతే ఏసమ్మకు నూరేళ్లు నిండినా విమానం రాదు. అందుకని పాలెమంతా చెయ్యి కలిపింది. ఎవరు పురుగుమందు కొన్నా, ఫోను కొన్నా, మంచం కొన్నా ఆనంద్ బాబును పిలిచేవాళ్లు. అతను కార్డు గీకేవాడు, వాళ్లు నోట్లు అతని చేతిలో పెట్టేవాళ్లు, గడువుకు ముందే అతను బ్యాంకుకు కట్టేసేవాడు. ఒళ్లు బాగోలేక మార్కాపురం పోయి స్కానింగు తీయించుకున్నా ఆ బిల్లు కూడా ఆనంద్ బాబు కార్డు మీదే. అట్లా రెండేళ్లకు టికెట్టు వచ్చింది. ఒంగోలు నుంచి యాత్రకు పోయే గుంపులో ఏసమ్మ పేరు చేరింది.

పేరు చేరిన ఆదివారమే ఏసమ్మ చర్చిలో లేచి, దేవుడు నన్ను యొర్దానుకు పంపుతున్నాడని సాక్ష్యం చెప్పింది. వాక్యానికి ముందు, దేవుడు మేలు చేసినవాళ్లు లేచి నలుగురిలో చెప్పడం వాళ్ల పద్ధతి. అట్లా చెప్పిన మాట మళ్లీ వెనక్కి తీసుకోవడమంటే ఆ పాలెంలో పెద్ద తప్పు. నలభై గడపలు చేయి వేసిన టికెట్టు, దేవుడి ముందు చెప్పిన సాక్ష్యం. వాటి కిందే ఆ ముసలి ప్రాణం దగ్గును దాచుకుంది.

సాయంత్రం ఐదింటికి ఆనంద్ బాబు బండి దిగగానే మేరీ ఆ పీలిక అతని ముందు పెట్టింది.

"నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు గదా మే! డబ్బులొచ్చే కార్డు తీసుకోమన్నప్పుడే తెలిసింది నాకు. ఇప్పుడు ఇది ఏడ దొరికింది నీకు?"

"మీ అమ్మ మంచం కింద! నేను పూసినానా ఈ నెత్తురు?"

"ముసలోళ్లకు దగ్గు రాదా? అక్కడికి పోయే వాళ్లంతా పడుచోళ్లే పోతుండారా?"

"ఆమె చచ్చిపోతాదయ్యా! విమానంలోనే చచ్చిపోతాది!"

"నోరు ముయ్యి!" అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అట్లాగే పైన ఉండిపోయింది. గుమ్మంలో ఏసమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది.

"దాన్ని ఏమనబాక నాయనా. నిజమే అది చెప్పేది. దసరా పోయినప్పట్నుంచీ పడుతుండాది నెత్తురు."

అప్పటికి నాలుగు నెలలు.

శుక్రవారం ముగ్గురూ మార్కాపురం పోయారు. స్కానింగు సెంటర్లో బిల్లు రాసే పిల్ల ఆనంద్ బాబును చూసి, "ఏందన్నా, మళ్లీ వచ్చినావా? ఈసారి ఎవురికి?" అని నవ్వింది. వెంటనే పక్కనున్న అమ్మాయితో, "ఈ అన్న కార్డు మీద మా దగ్గర పదకొండు స్కానింగులు అయినయ్ తెలుసా! ఊరోళ్లందరినీ ఈయనే తీసుకొస్తాడు" అని మెచ్చుకుంది.

ఆనంద్ బాబు తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. "మా అమ్మకు" అన్నాడు.

పదకొండుసార్లు ఆ బెంచీ మీద కూర్చున్నాడు. పదకొండుసార్లు ఎవరి ఊపిరో, ఎవరి కడుపో చూపించాడు. బయటికి వచ్చి ఫోనులో పాయింట్లు ఎక్కాయా లేదా చూసుకున్నాడు. ఇంట్లో గోడ అవతల తల్లి దగ్గుతుంటే పెద్దవయసు అనుకున్నాడు. మేరీ మాత్రం తక్కువ తిందా? ఆ దగ్గు ఆమెకూ వినపడింది. యాత్ర మీద ఉన్న కచ్చతో, నిద్ర పాడవుతోందని తలుపు దగ్గరికి వేసుకుంది, ఒక్కసారి లేచి మంచినీళ్లివ్వలేదు. ఆ బెంచీ మీద కూర్చుని అది గుర్తొచ్చి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి చూశాడు. "గనిలో పనిచేసినారా పెద్దమ్మా? రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. దాని మీద టీబీ. టీబీకి మందులుండాయి. దుమ్ము మాత్రం పోయేది గాదు. నాలుగు నెలల ముందు తీసుకొచ్చుంటే ఇంత పాకేది కాదు. వెంటనే ఒంగోలు పోండి. విమానం మాట ఎత్తొద్దు."

ఇంటికొచ్చాక ఏసమ్మ మొండికేసింది. "ఆదివారం చర్చికి పోకుండా నేను ఒంగోలు రాను. లేచి చెప్పిన నోటితో నేనే లేచి లేదని చెప్పాల. దొంగ సాక్ష్యం మీద చావమంటారా నన్ను?" కొడుకు కాళ్లు పట్టుకున్నా వినలేదు.

ఆదివారం నోటికి గుడ్డ కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సాక్ష్యాల వేళ లేచింది. "దేవుడి బిడ్డలారా" అనగానే దగ్గు తెర ముంచుకొచ్చింది. కూలబడిపోయింది. అందరూ చూస్తున్నారు. అప్పుడు మేరీ లేచింది. కాపురానికొచ్చి పన్నెండేళ్లయినా ఆ చర్చిలో ఏనాడూ నోరు విప్పని మనిషి.

"మా అత్త పోవడం లేదు. మీ ఖర్చులతో వచ్చిన టికెట్టు వృథా అయింది. ఆమె దోషం ఏం లేదు. మీరేమనుకుంటారోనని నెత్తురు కక్కుకుంటా దాచుకునింది. ఆమె దగ్గుతుంటే నేను తలుపేసుకున్నా. నా సాక్ష్యం ఇదే."

ముందు వరసలో నుంచి విశ్వాసం అనే సంఘ పెద్ద లేచాడు. పదకొండు స్కానింగుల్లో ఒకటి ఆయనదే. "మేము కొన్నది మా మందు, మా మంచం. మాకేం పోయింది? ఏసమ్మా, మా కోసం నువ్వు ఊపిరి బిగబట్టుకున్నావా పిచ్చిదానా!" అని ఏడ్చాడు. ఆడవాళ్లంతా ఏసమ్మ చుట్టూ చేరారు. మందులు పడితే గానీ దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడని మేరీ చేతులు అడ్డం పెట్టినా వాళ్లను ఆపలేకపోయింది. తర్వాత వారం ఆ నలభై గడపలకూ ఆశా వర్కరు టీబీ పరీక్షలకు తిరగాల్సి వచ్చింది.

సోమవారం ఒంగోలు ప్రైవేటు ఆస్పత్రిలో పేరు రాయించుకునే కిటికీ దగ్గర ఏసమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. అడ్వాన్సు కట్టమన్నారు. ఆనంద్ బాబు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

"నాయనా" అంది ఏసమ్మ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఎక్కువే కట్టుంటావు. దీనికి ఎన్ని పాయింట్లొచ్చినయ్?"

అతను కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఒక్కటీ రాలేదమ్మా. కార్డు తియ్యలేదు. నోట్లు కట్టినా."

ఏసమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. ఇంకో చేత్తో మేరీ వేళ్లు వెతికి పట్టుకుంది. "అయితే ఇది నా కోసం కట్టినావన్న మాట" అంది. ఆ ముఖంలో నిష్ఠూరం లేదు తల్లీ, సంతోషమే ఉంది. అది చూడలేకే ఆనంద్ బాబు అంతమందిలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏసమ్మ ఆ తర్వాత పది నెలలు బతికింది. నెత్తురు ఆగింది, ఆయాసం ఆగలేదు. ఆ పది నెలలూ మేరీ మంచం అత్త మంచం పక్కనే. యొర్దాను మాత్రం ఏసమ్మ చూడలేదు.

ఇదీ జరిగింది. మీరు ఇంటికి పోయి ఊరికే ఉండబాకండి. మీ వాళ్లను కూర్చోబెట్టుకుని, ఏసమ్మ పేరు చెప్పి, కుర్చీలో ఆమె అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పేముందు పక్క గదిలో ఎవరైనా దగ్గుతున్నారేమో ఒక్కసారి వినండి.