అలమార కాళ్ళ కింది గిన్నెలు

పొద్దున్నే గుమ్మం బయటి మేకుకి వేలాడుతున్న కోడలి సంచిని, అత్తగారు కాఫీ తాగుతూ దొంగని చూసినట్టు చూశారు. దాని నిండా మూతలు బిగించిన సీసాలు. వాటి నీళ్ళలో మెలికలు తిరిగే దోమపిల్లలు. ఇంటింటికీ వెళ్ళి నిల్వనీళ్ళు వెతకడం, దొరికిన పురుగుల్ని ఆఫీసులో అప్పజెప్పడం కోడలి ఉద్యోగం. సాయంత్రం ఆలస్యమైతే ఆ సీసాలు ఇంటికే వస్తాయి.

మామగారికి నాలుగు రోజులుగా జ్వరం. దోమలు మోసే వైరస్సేనని నిన్న రక్తపరీక్ష తేల్చింది. ఆ దోమల్ని ఎవరు మోస్తున్నారో అత్తగారు అంతకుముందే తేల్చేసుకున్నారు.

"రాత్రి ఆరు సీసాలు. ఇప్పుడు ఐదు. ఆరోది ఏమైందమ్మా?"

"అది ఖాళీదే అత్తయ్యా. కడిగి ఎండబెట్టాను."

"ఖాళీ ఎలా అయింది, దోమలు వాటంతటవే నడిచి వెళ్ళాయా?"

"రెక్కలుంటాయి కదే, నడవడమెందుకు?" లోపలి నుంచి మామగారు మూలిగారు.

"మీరు పడుకోండి." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "మనిషి మంచం దిగలేకపోతున్నాడు. ఆ ఉద్యోగమైనా మానెయ్యి, వేరే ఇల్లైనా చూసుకో."

కోడలు టార్చిలైటు తీసింది.

"ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు అత్తయ్యా. మన వీధిలో నలభై ఇళ్ళు చూశాను, ఎక్కడా లేవు. చూడంది మీ వంటగదే."

నాలుగేళ్ళుగా ఆ గదిలో గరిటె జరపాలన్నా అనుమతి కావాలి. అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"నా వంటింట్లో చీమ కూడా దూరదు. అలమార నాలుగు కాళ్ళూ నీళ్ళ గిన్నెల్లో పెట్టాను, ఎక్కమను చూద్దాం."

అనేశాక ఆవిడే ఆగిపోయారు. మెల్లగా పక్కకి తప్పుకున్నారు.

కోడలు నేలమీద వంగి లైటు వేసింది. ముందువైపు గిన్నెలు శుభ్రంగానే ఉన్నాయి. గోడవైపు, చెయ్యి అందని గిన్నెలో సన్నటి మెలికలు వెలుతురు పడగానే అడుక్కి దిగాయి. అక్కడికి రెండడుగుల్లో మామగారు రోజూ కూర్చునే కుర్చీ.

"నేనే పెంచానా?" అత్తగారు చతికిలబడ్డారు. చీరకొంగు కళ్ళకి చేరింది.

"నా తప్పూ ఉంది అత్తయ్యా. అందరి తలుపులూ తట్టాను. మీ తలుపు దగ్గరే భయపడ్డాను."

ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని లేచారు. "నువ్వు ఇళ్ళ లెక్క రాసుకునే పుస్తకంలో మనిల్లూ రాయి. వచ్చిన పిల్లని ఇంటావిడ అనరాని మాటలందని కూడా రాయి."

"దానికి గడి లేదు అత్తయ్యా."

"గీసుకోండి," అన్నారు మామగారు లోపలి నుంచి.

కోడలు ఎండిన సీసా తెచ్చి ఆ నీళ్ళు పట్టింది. అత్తగారు గిన్నెలన్నీ ఎండలో బోర్లించి, బయటి సంచిని తెచ్చి, ఆ సీసానీ అందులో పెట్టి, తన వంటగది మేకుకే తగిలించారు. తగిలించాక సీసాలు మరోసారి లెక్కపెట్టారు.

ఆరు.