రెండు జల్లెడలు

మైదా జల్లెడ మేకుకు లేదు.

లేదని నిహారికకు తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. అయినా డబ్బాల వెనక, ఫ్రిజ్ మీద, గ్యాస్ సిలిండర్ పక్కన చప్పుడు చేస్తూ వెతుకుతోంది. వెతుకుతున్నట్టు అమ్మకు వినబడాలి కదా!

ఆ జల్లెడ ఎల్లారెడ్డి బడిలో, ఆరో తరగతి గది కిటికీలో ఉంది. ఇసుకలోంచి కంకర వేరుచేసి చూపించడానికి జల్లెడ కావాలని గురువారం సైన్స్ టీచర్ అడిగింది. "నేను తెస్త టీచర్!" అని అందరికంటే ముందు చెయ్యెత్తింది నిహారికే. మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, అమ్మకు చెప్పకుండా తీసుకుపోయింది. శుక్రవారం తెచ్చేద్దాం అనుకుంది. మరిచిపోయింది. ఈరోజు రెండో శనివారం, బడికి తాళం.

"నిహా, మైదా కోకో జల్లించినవా?" ముందు గదిలోంచి అమ్మ అడిగింది.

"జల్లిస్తున్నమ్మా!"

అమ్మ పేరు సుకన్య. ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. మొదట్లో కుక్కర్‌లో చేసేది, ఇప్పుడు చిన్న ఓవెన్ ఉంది. పిండి మూడుసార్లు జల్లించడం, అట్టముక్కలతో కేక్ స్టాండ్లు చెయ్యడం, రంగు కాగితాలతో సీతాకోకచిలుకలు కత్తిరించడం నిహారిక పనులు. ఈరోజు ఆర్డర్ లింగంపేటది. దేవేందర్ అనే ఆయన కూతురు అనిలకు మూడేళ్లు నిండుతున్నాయి. సాయంత్రం ఆరింటికి చాక్లెట్ కేకు కోస్తారు.

ముందు గదిలో బీటర్ చప్పుడు ఆగింది. అమ్మ ఏ క్షణమైనా లోపలికి రావచ్చు.

అప్పుడు నిహారికకు రెండో జల్లెడ గుర్తొచ్చింది.

అది బయట వరండాలో ఉంటుంది, అవ్వది. అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ సత్యమ్మ, బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికి ఆకులో తంబాకు, అంటే పొగాకు, వేసి, చుట్టి, దారం కడుతుంది. ఆ జల్లెడతో తంబాకులోని దుమ్ము జల్లిస్తుంది. బీడీల సామాను ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. ఆ రూలు పెట్టింది కూడా అవ్వే. అన్నానికి లోపలికి వచ్చేముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటుంది.

అవ్వ కట్టిన బీడీలు ఇచ్చిరావడానికి కార్ఖానాకు వెళ్లింది. వరండాలో ఎవరూ లేరు.

నిహారిక జల్లెడను గోడకేసి మూడుసార్లు కొట్టింది. ఉఫ్‌మని ఊదింది. చున్నీతో తుడిచింది. కడిగితే తడి అవుతుంది, తడి ఎందుకైందని అమ్మ అడుగుతుంది, అప్పుడు మొత్తం బయటపడుతుంది. కాబట్టి కడగలేదు.

"మంచిగనే ఉన్నది," అనుకుంది. మళ్లీ ఒకసారి అనుకుంది, "మంచిగనే ఉన్నది."

మూడుసార్లు జల్లించింది. కోకో గోధుమ రంగులో ఉంటుంది. తంబాకు దుమ్ము కూడా ఆ రంగే. ఏది ఏదో కనబడలేదు. జల్లెడను తీసుకెళ్లి మళ్లీ వరండాలో తగిలించేసింది.

కేకు మాత్రం ముచ్చటగా పొంగింది. చల్లారాక అమ్మ పైభాగం చదునుగా కోసి, ఆ ముక్క నిహారిక చేతిలో పెట్టింది. ఎప్పుడూ లొట్టలేసుకుంటూ తినే పిల్ల ఈరోజు నాలుక చివరతో రుచి చూసి మెల్లగా తిన్నది. కొంచెం చేదు తగిలింది. కోకో చేదుగానే ఉంటుంది కదా అని మింగేసింది.

మూడున్నరకు బాపు ఆటో తీశాడు. అమ్మ కేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది.

"ఫోన్ చార్జింగ్ పెట్టిన. ఆర్డర్ వస్తే రాసిపెట్టు," అంది అమ్మ. ఆటో సందు తిరిగిపోయింది.

* * *

నాలుగు దాటాక అవ్వ కార్ఖానా నుంచి వచ్చి, చాట ముందేసుకుని కూర్చుంది. జల్లెడ చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది.

"నా జల్లెడ ఎవలు ముట్టిండ్రు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నిహారిక లోపలినుంచే అరిచింది. "నేను కాదవ్వా!"

"పిండి ఉన్నదే దీనికి?"

"నాకు తెల్వది."

అవ్వ జల్లెడను పక్కన పెట్టింది. ఆమెకు అనుమానం వచ్చినట్టు లేదు. పాత సంగతి ఏదో గుర్తొచ్చినట్టుంది.

"పిండి అంటితే ఏం కాదుగని, ఈ తంబాకు తిండిల పడొద్దు బిడ్డా. మీ బాపు రెండేండ్ల పిలగాడప్పుడు నేను చూడంగ చూడంగనే చిటికెడు నోట్లేస్కున్నడు. ఒకటే వాంతులు. కండ్లు తేలేసిండు. కామారెడ్డి దవాఖానకు ఎత్కపోయినం. రెండు రోజులు నా పానం నాకాడ లేదు. అప్పట్నుంచే గడప దాటనియ్య దీన్ని."



నిహారిక అద్దం దగ్గరికి పోయింది. నాలుక చాపి చూసుకుంది. కళ్లు తేలేశాయా అని రెప్పలు వేలితో పైకి లాగి చూసుకుంది. తల తిరుగుతున్నట్టు అనిపించింది. అది తంబాకా, భయమా ఆమెకు తెలియలేదు.

తను పెద్దపిల్ల. ఒక్క ముక్కే తిన్నది. మరి అనిల?

ఆరింటి దాకా టైం ఉంది. అమ్మ వచ్చాక చెప్పొచ్చు. లేదా చెప్పకపోతే? ఏమీ కాకపోవచ్చు. గోడకేసి కొట్టింది కదా, ఊదింది కదా, తుడిచింది కదా.

చార్జింగ్‌లో ఉన్న ఫోన్ టింగుమంది. దేవేందర్ పంపిన ఫోటో. గులాబీ రంగు గౌను వేసుకున్న చిన్న పాప, తలమీద కాగితపు కిరీటం. ముందు చాక్లెట్ కేకు. దాని మీద నిహారిక కత్తిరించిన నాలుగు సీతాకోకచిలుకలు. పాప వాటినే చూస్తోంది.

కింద రాసి ఉంది. "కేక్ మస్తున్నదక్కా. మబ్బు పట్టింది, కరెంట్ పోయేటట్టున్నది. ఆరింటికి కాదు, ఐదింటికే కోస్తం."

గోరుచుట్టు మీద రోకటి పోటు. గోడ గడియారంలో ఐదుకు పది నిమిషాలు తక్కువ.

నిహారిక బాపుకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆటో చప్పుడులో బాపుకు ఫోన్ ఎప్పుడూ వినబడదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

దేవేందర్‌కు చెయ్యాలి. ఏమని చెప్పాలి? క్రీంలో బల్లి పడిందని చెబితే? అప్పుడు ఎవరూ కేకు తినరు, తన సంగతీ ఎవరికీ తెలియదు. కానీ బల్లి పడిన కేకు పంపిందని అమ్మను అంటారు. ఇక లింగంపేటలోనే కాదు, ఎల్లారెడ్డిలో కూడా ఎవరూ అమ్మ కేకు కొనరు. పోనీ నిజం చెబితే మాత్రం కొంటారా? తంబాకు కేకు అని ఊరంతా చెప్పుకుంటారు. అమ్మ కొడుతుంది. కొట్టకుండా ఏడిస్తే అది ఇంకా భయం.

ఐదుకు ఏడు నిమిషాలు.

ఫోటోలో పాప చెయ్యి కేకు వైపు చాచి ఉంది. నిహారిక దేవేందర్ పేరు మీద వేలు పెట్టి నొక్కింది.

ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. ఈసారి ఎత్తారు. అవతల పాటలు హోరెత్తుతున్నాయి.

"హలో, ఎవలు?"

"అంకుల్, నేను సుకన్య బిడ్డను. కేక్ కొయ్యకుండ్రి!"

"ఆఁ? వినొస్తలేదు."

"కేక్ కొయ్యకుండ్రి! ఎవ్వలు తినకుండ్రి!" నిహారిక ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. వరండాలో అవ్వ చేతిలో చాట దబ్బున కింద పడింది.

"పాట ఆపుండ్రా!" అని అక్కడెవరో కేకేశారు. పాట ఆగింది.

"ఏమైంది బిడ్డా?"

"మా అవ్వ తంబాకు జల్లెడతోని పిండి జల్లించిన. కడగలే. మా అమ్మకు తెల్వదు అంకుల్, అమ్మ మంచిగనే చేసింది. నేనే చేసిన." నిహారిక ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "అనిల తిన్నదా?"

ఆయన అక్కడ ఎవరినో అడుగుతున్నాడు.

"కొయ్యలే ఇంక. కని వేలితోని పైన క్రీం నాకిందట."

"క్రీం అమ్మ చేసింది. అండ్ల ఏం లేదు. నేను జల్లించింది లోపలి పిండే. అయినా… అయినా పాపను చూస్కోండ్రి అంకుల్."

"చూస్త," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే గడప అవతల అవ్వ నిలబడి ఉంది. చేతులకు తంబాకు ఉంది కాబట్టి అంత కంగారులోనూ లోపలికి రాలేదు. నిహారికే బయటికి పరుగెత్తి అవ్వ కొంగులో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నేను సుత ఒక ముక్క తిన్ననవ్వా."

"ఎప్పుడు?"

"పగటీలి. రెండింటికి."

అవ్వ నిహారిక మొహం వెలుతురుకు తిప్పి కళ్లలోకి చాలాసేపు చూసింది. "ఏమన్న అయ్యేదుంటే ఇంతల అయ్యేదే. పో, నీళ్లు తాగి నా ముంగట కూసో." అన్నదే కానీ అవ్వ ఆ తర్వాత ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

* * *

ఆటో ఐదున్నరకు వచ్చింది. దారిలో డీజిల్‌కు ఆగినప్పుడు దేవేందర్ ఫోన్ చేసి చెప్పాడట. వెంటనే వెనక్కి తిప్పి కేకు తెచ్చేశారు. అమ్మ డబ్బా పట్టుకుని దిగింది. నిహారిక గోడకు అతుక్కుపోయింది.

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పెరట్లోకి పోయి కేకును కత్తితో నిలువునా కోసి చూసింది. లోపలంతా ఒకటే గోధుమ రంగు. తంబాకు ఉందో లేదో ఏమీ తెలియలేదు. బాపు గుంత తవ్వి దాన్ని పూడ్చేశాడు.

అప్పుడు అమ్మ అడిగింది. "మన జల్లెడ యాడున్నది?"

"బడిల. అడగకుంట కొంటవోయిన."

"అది లేదని చెప్తే ఏం చేసేదాన్ని?"

"కొడ్తవనుకున్న."

"పక్కింట్ల అడిగి తెచ్చేదాన్ని." అమ్మ గుంత పక్కనే కూలబడింది. "ఆ పిల్లకేమన్న అయితే నేనేం చేద్దును నిహా?"

అంత పెద్ద అమ్మ కూడా భయపడుతుందని నిహారికకు అప్పటిదాకా తెలియదు. ఆ సంగతే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. రవ్వ, పెరుగు, చక్కెర, పాలు తీసింది. రవ్వకేకుకు జల్లెడ అక్కర్లేదు. ఏడు దాటకముందే అది ఓవెన్‌లోంచి దిగింది.

"నువ్వు సుత రా," అంది అమ్మ.

నిహారికకు రావాలని లేదు. అయినా ఆటో ఎక్కి డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

లింగంపేటలో దేవేందర్ వాళ్ల అమ్మ హన్మవ్వ గుమ్మంలోనే ఆపింది. "నువ్వేనా ఫోన్ చేసిన పొల్లవు?"

నిహారిక తలూపింది.

"భయం కాలేదా?"

"అయింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సుత అయితుంది."

హన్మవ్వ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. లోపల అనిల కిరీటం వంకరగా పెట్టుకుని గంతులు వేస్తోంది. ఆ గంతులు చూశాక నిహారికకు ఊపిరాడింది. రవ్వకేకు కోశారు. మొదటి ముక్క తనే తింటానని నిహారిక అడిగింది. పిల్లలంతా చూస్తుండగా నమిలి మింగింది. తర్వాతే అనిల నోరు తెరిచింది. కొందరు పెద్దవాళ్లు మాత్రం తమకు వద్దన్నారు. అమ్మ వాళ్లను బలవంతపెట్టలేదు.

* * *

సోమవారం బడి విడవగానే నిహారిక కిటికీలోంచి జల్లెడ తీసింది. ఇంటికి వస్తూ దారిలో చూసింది. ఒక మూల జాలి చిరిగి, వేలు దూరేంత రంధ్రం పడింది. గురువారం కంకర ఇరుక్కుంటే పెన్సిల్‌తో పొడిచింది తనే.

వంటింట్లో మేకు ఖాళీగా ఉంది. చిరిగిన వైపు గోడకు తిప్పి తగిలిస్తే మళ్లీ ఆర్డర్ వచ్చేదాకా ఎవరికీ కనబడదు. శనివారం అంత జరిగాక ఇంకో తప్పు కూడానా?

నిహారిక మేకు దాటి, బూట్లు కూడా విప్పకుండా పెరట్లోకి నడిచింది. అమ్మ గిన్నెలు తోముతోంది.

"అమ్మా, జల్లెడ తెచ్చిన. దీనికి బొక్క పడ్డది. పెన్సిల్‌తోని నేనే పొడిచిన. దీంతోని జల్లించొద్దు."

అమ్మ సబ్బు చేతులతో జల్లెడ అందుకుని మొహానికి ఎదురుగా ఎత్తింది. రంధ్రంలోంచి అమ్మ కన్ను ఒకటి కనిపించింది. ఆ కన్నులో కోపం ఉందో లేదో తెలియడం లేదు.

నిహారిక కదలకుండా అక్కడే నిలబడింది.