తొక్కు... వదులు

వాన పట్టిన సాయంత్రం. షెడ్డు షట్టరు సగానికి దించి, లైట్ల మేస్త్రీ తన పాతకాలపు కారు వెనక పీట వేసుకున్నాడు. వెనక దీపాల ఎర్రద్దాలు సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో రుద్దేసరికి దానిమ్మ గింజల్లా తేలాయి. తుప్పు గీకిన గూళ్లలోంచి పాత బల్బులు పీకేసి ఎల్ఈడీలు పెట్టాడు. తడి ఇనుము, పాత సీట్ల వాసన షెడ్డంతా కమ్ముకుంది.

ఈ కారంటే అతని భార్యకి ప్రాణం. "బావా, దీని కళ్లు ఎప్పుడూ నిద్రమొహమే" అని వేళాకోళమాడేది. బ్రేకు లైటు చూడాలంటే ఇద్దరుండాలి. వెనక నుంచి అతను "తొక్కు" అంటే ఆమె ముందు సీట్లో బ్రేకు తొక్కేది. "వదులు" అంటే వదిలేది. "నీ అరుపులకి వీధిలో బండ్లన్నీ ఆగిపోతున్నాయి" అని నవ్వేది. ఆమె జ్వరంతో పోయాక ఈ పని ముట్టుకోవడం ఇదే మొదలు.

వైర్లు కలిపి, అలవాటుకొద్దీ అనేశాడు.

"తొక్కు."

రెండు దీపాలూ భగ్గుమన్నాయి.

ఎల్ఈడీలు కదా, ఎక్కడో కాస్త కరెంటు కారినా మిణుకుమంటాయిలే అనుకున్నాడు. కానీ ఇది మిణుకు కాదు...

"వదులు."

ఆరిపోయాయి.

ఒళ్లు జలదరించింది. అయినా ఆశ ఊరుకోనివ్వలేదు. "తొక్కు... వదులు... తొక్కు..." అన్నాడు. అన్నది అన్నట్టే జరుగుతోంది. ఎన్నాళ్లకో నవ్వొచ్చింది, కళ్లనీళ్లతో కలిసి.

"కాలు లాగేస్తోంది బావా..." ముందు సీట్లోంచి గుసగుస. "ఇక నువ్వు వదులు."

పరుగున వెళ్లి చూశాడు. సీటు ఖాళీ. బ్రేకు పెడలు మాత్రం అడుగుదాకా దిగి ఉంది.

బ్యాటరీ వైరు పీకేశాడు. వెనక్కి వచ్చాడు.

దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"వదులు బావా... పోనివ్వు."

"వదల్ను" అన్నాడు. "నువ్వు లేకుండా నావల్ల కావట్లేదే."

దీపాలు ఆరిపోయాయి. చీకటి. లోపల పెడలు టక్కున పైకి లేచిన చప్పుడు.

"అయితే నువ్వు తొక్కు."

ఈసారి గొంతు ఆమెది కాదు.

అతని కుడి పాదం కింద ఏదో చల్లగా తగిలింది. ఇనుప పలక. మెల్లగా దిగుతోంది... దిగేకొద్దీ కారు దీపాలు ఎర్రబడుతున్నాయి. ఆ వెలుగులో కిందికి చూశాడు.

ఉత్త సిమెంటు నేల.

కాలు మాత్రం దిగుతూనే ఉంది.