సెంటు సీసాలో సాల్వెంట్

“ఏజెంట్ ట్వెల్వ్, నీకు ఖరగ్‌పూర్ తెలుగు వచ్చా?”

కలకత్తా ఆఫీసులో కిటికీ తెర లాగుతూ అడిగాడు చీఫ్ రామనాథం.

“అక్కడే పుట్టాను సార్. ట్రాఫిక్ కాలనీలో. నాన్న గూడ్స్ గార్డు,” అన్నాడు చలపతి.

“అందుకే పిలిచాను. కూర్చో.”

అది 1991. ఖరగ్‌పూర్ శివార్లలో, సాలువా దారిలో ఒక చిన్న ప్రభుత్వ ల్యాబ్ ఉంది. అందులో డాక్టర్ కోదండరామయ్య ఒక కొత్త సాల్వెంట్, అంటే పదార్థాల్ని కరిగించే ద్రవం, తయారుచేశాడు. ఉప్పు నీళ్లలో కరిగితే నీటి అణువులు ఒక్కో అయాన్ చుట్టూ మూగుతాయి. ఈ సాల్వెంట్ అణువులు అలా అన్నిటి చుట్టూ మూగవు. వాడేసిన అణు ఇంధనంలో ఒకే ఒక్క లోహాన్ని ఎంచుకుని చుట్టుకుంటాయి. ఆ లోహంతో బాంబు చెయ్యొచ్చు.

“ఫారిన్ ముఠాకి ఒక్క సీసా శాంపిల్ దొరికితే చాలు. వాళ్లకి సాయపడుతున్న లోపలి మనిషెవరో తేల్చు. డైరెక్టర్ సెక్రటరీ సూర్యకుమారి మన ఇన్‌ఫార్మర్. కోడ్ వర్డ్, ‘బొగ్గు తడిసింది.’”

చలపతి గాజు సామాన్ల సేల్స్‌మన్‌గా ల్యాబ్‌లో దిగాడు. జేబులో కెమెరా దాచిన సిగరెట్ లైటర్.

“బొగ్గు తడిసింది,” అన్నాడు.

“ఎండబెడదాం,” అంది సూర్యకుమారి, నల్లకళ్లద్దాలు పైకి నెట్టి. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, మల్లెల సెంటు. గొంతు తగ్గించింది. “మీక్కావలసిన మనిషి కోదండరామయ్య.”

ఆ కళ్లు చూశాక చలపతికి అనుమానం రాలేదు.

కోదండరామయ్యతో స్నేహం కలపడం తేలికైంది. ఆయన భార్య సరోజాదేవి రైల్వే స్కూల్లో టీచరు, ట్రాఫిక్ కాలనీలోనే పుట్టి పెరిగిన మనిషి. తమ ఊరి కుర్రాడని తెలిసిన రోజే భోజనానికి కూర్చోబెట్టింది.

“ఏటి తమ్ముడూ, ఇలా సిక్కిపోనావు? కందిపచ్చడి మరి కాస్త ఎయ్యనా?”

కోదండరామయ్య అన్నం కలుపుతూ అన్నాడు. “ఈ సాల్వెంట్ బయటి దేశాల వాళ్లకి చూపిస్తే ఎంత ముచ్చటపడతారో తెలుసా?”

కష్టపడి పనిచేసినవాడి ముచ్చట అది. చలపతి ఆ ఒక్క వాక్యాన్నే కోడ్‌లో చీఫ్‌కి పంపాడు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే జీపు వచ్చి, వీధంతా చూస్తుండగా కోదండరామయ్యని ఎక్కించుకుపోయింది.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్.

“ముఠా వైర్‌లెస్ పట్టుకున్నాం. శాంపిల్ ఇవాళ మద్రాసు రైల్లో పోతోంది. ఆడమనిషి చేతిలో.”

సూర్యకుమారి సీటు ఖాళీగా ఉంది. చలపతి తిన్నగా కోదండరామయ్య ఉన్న లాకప్‌కి పరుగెత్తాడు.

“నేను సేల్స్‌మన్‌ని కాదు సార్. మిమ్మల్ని ఇక్కడ పెట్టించింది నేనే.”

కోదండరామయ్య కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. “మా ఇంట్లో అన్నం తిని వెళ్లి రాశావా?”

“అవును సార్. మీ శాంపిల్ సీసా ఇవాళ మద్రాసు రైల్లో పోతోంది.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది చలపతికి.

“సీసా ఎవరి దగ్గరుంది?”

“సూర్యకుమారి దగ్గర. దేంట్లో పోసిందో తెలీదు.”

“నా టేబుల్ డ్రాయర్లో డై, అదే రంగు మందు, పట్టించిన కాగితం ముక్కలున్నాయి. ఆ డై తన చుట్టూ ఏ సాల్వెంట్ మూగితే దానికి తగ్గ రంగు చూపిస్తుంది. స్పిరిట్‌లో ఊదా. నా సాల్వెంట్‌లో ఆకుపచ్చ. ఇంకా నిలబడ్డావేం? వెళ్లు.”

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మద్రాసు రైలు సిద్ధంగా ఉంది. ఫస్ట్ క్లాసులో సూర్యకుమారి ఒళ్లో వ్యానిటీ బాక్సు, అందులో వరసగా సెంటు సీసాలు. అన్నిటి మూతలకీ మల్లెల వాసనే.

“ఎవిడెన్స్ లేకండా ఆడమనిషిని దింపలేనండి,” గొణిగాడు రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ జగ్గారావు.

“వాసన చూసుకోండి మిస్టర్ ట్వెల్వ్, ఫర్వాలేదు,” నవ్విందామె.

చలపతి కాగితం ముంచాడు. ఊదా, మామూలు స్పిరిట్ సెంటే. ఇంకో సీసా. ఊదా. గార్డు విజిల్ ఊదాడు. మరొకటి, అదీ ఊదాయే. రైలు పెట్టె కుదుపుతో కదిలింది. చివరి సీసాలో ముంచిన కాగితం కాసేపు తటపటాయించి, లేత ఆకుపచ్చలోకి తిరిగింది.

జగ్గారావు చైను లాగాడు.

బేడీలు వేస్తుంటే సూర్యకుమారి నింపాదిగా అంది. “ఆయన పేరు నేను చెప్పానంతే. నమ్మింది మీరు.”

ఆ సాయంత్రమే కోదండరామయ్యని వదిలేశారు. చలపతి వాళ్ల గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయాడు. సరోజాదేవి లోపలికి రమ్మనలేదు.

“మా ఆయన్ని తీసుకెళ్లినప్పుడు వీధి వీధంతా సూసినారు. నడిసి ఇంటికొచ్చినప్పుడు ఎవులూ సూడలేదు. దానికేటి సెయ్యగలవు, సెప్పు.”

లోపల కోదండరామయ్య భోంచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

మర్నాడు కలకత్తాలో చీఫ్ చెయ్యి కలిపాడు. “నీకు మెడల్ శాంక్షనైంది. కాకపోతే సీక్రెట్. ఎందుకొచ్చిందో బతికున్నంత కాలం ఎవరికీ చెప్పకూడదు. కష్టమేగా?”

“లేదు సార్,” అన్నాడు చలపతి. “ఆ మెడల్‌లో నాకు నచ్చింది అదొక్కటే.”