జేబులో తాబేలు

“తునికివాగు గేట్లను ఎవరో తడిమి చూస్తున్నారు మోతీలాల్.”

చీఫ్ బలరాం ఈ మాట అన్నది ఖమ్మంలో, బయట ఎరువుల కంపెనీ బోర్డు తగిలించి ఉన్న ఒక ఆఫీసులో. బోర్డు అబద్ధం. లోపల వరసగా పేర్చిన బస్తాల్లో ఉన్నది ఇసుక. గూఢచారి విభాగానికి అదొక దొంగ చిరునామా. ఏజెంట్లు యూరియా బేరమాడే రైతుల్లా వచ్చి, దేశ రహస్యాలు చెప్పించుకుని పోతుంటారు.

“ఎవరు సార్?”

“గ్రే హార్బర్.”

మోతీలాల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గ్రే హార్బర్ విదేశీ ముఠా. మనిషిని పంపదు, తుపాకీ పేల్చదు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని ఇక్కడి కంప్యూటర్లను కదిలిస్తుంది.

“తునికివాగు చిన్న ప్రాజెక్టు కదా సార్?”

“చిన్నది కాబట్టే. ఇక్కడ చెయ్యి తిరిగితే రేపు గోదావరి మీదికి పోతారు. గేట్లు కంప్యూటర్‌తో లేస్తాయి. ఆ సిస్టమ్ బయటి దేశం కనెక్షన్‌ని గుమ్మం తొక్కనివ్వదు. ప్రాజెక్టు చుట్టుపక్కల టవర్ల కింద ఉన్న ఫోన్లనే నమ్ముతుంది. అంటే వాళ్ళు మన దగ్గరి ఫోన్ ఒకటి ముసుగేసుకుని వస్తున్నారు.”

“ఎవరి ఫోన్ సార్?”

“ఏ టవరో తెలుస్తోంది, ఏ ఫోనో తెలియట్లేదు. ఎప్పుడొచ్చినా ఆదివారమే వస్తున్నాడు. శ్యామల కబురు పంపింది. ఈ వారంలోనే గేట్లెత్తుతారట. చేత్తో తిప్పే పద్ధతికి మార్చమని ప్రాజెక్టు వాళ్ళకు రాశాం. పై నుంచి ఇంకా జవాబు రాలేదు.”

శ్యామల సత్తుపల్లి మనిషి. గ్రే హార్బర్ ఆమెను తమ ఏజెంట్ అనుకుంటోంది. నిజానికి ఆమె మన విభాగం మనిషి. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, ఊరూరా తిరిగి యూట్యూబ్ వీడియోలు తీసే యాంకర్ వేషం. ఆమెను చూసిన వాళ్ళెవరూ ఆమె ఏం అడుగుతోందో పట్టించుకోరు. ఆమెకు కావలసిందీ అదే.

“మీ తండా ఆ వాగు పక్కనే కదా? అందుకే నిన్ను పంపుతున్నాను” అన్నాడు బలరాం.

తండాలో తీజ్ పండుగ ముగింపుకు వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు ఉపవాసాలతో నీళ్ళు పోసి పెంచి, ఆఖరి రోజు వాగులో వదులుతారు. రేపు ఆదివారమే ఆ రోజు. చుట్టుపక్కల తండాల పిల్లలంతా గేట్లకు దిగువన నీళ్ళలో నిలబడతారు. వాళ్ళలో అతని చెల్లెలు దీపిక కూడా ఉంటుంది.

బలరాం ఒక డబ్బా ఇచ్చాడు. చూడటానికి కేబుల్ రిపేరు వాళ్ళు వాడే మీటరులా ఉంటుంది. శత్రువు కనెక్షన్ ఏ టవర్ కింద ఉందో ఎప్పటికప్పుడు దాని మీద పేరు పడుతుంది.

ప్రస్తుతానికి ఖమ్మం అని పడింది.

“ఇక్కడే ఉన్నాడు సార్!” అన్నాడు మోతీలాల్, కిటికీలోంచి కిందికి చూస్తూ.

జూలూరుపాడు వైపు పోయే బస్సులో అతను కేబుల్ మనిషిగా ఎక్కాడు. భుజాన కేబుల్ చుట్ట, మూతికి అతికించిన మీసం, జేబులో ఫోన్.

ఆ ఫోన్ గురించి ఇక్కడే చెప్పేయడం మంచిది. దాచి ప్రయోజనం లేదు. అందులో నవ్వే తాబేలు బొమ్మతో ఒక ఉచిత వీపీఎన్ యాప్ ఉంది. ఆ యాప్ నొక్కితే మోతీలాల్ ఖమ్మం జిల్లాలో ఉండి కూడా వేరే దేశంలో ఉన్నట్టు లెక్క. అప్పుడు ఆ దేశంలో చూపించే సీరియళ్ళ జాబితా తెరుచుకుంటుంది. అందులో మన దగ్గర రాని ఒక సీరియల్ ఉంది. ఓడ కెప్టెన్ కూతురు, ఆమెను మోసం చేసిన వకీలు, వాళ్ళ మధ్య ఒక సముద్రం. మోతీలాల్ ఆ సీరియల్‌కు బానిస.

విభాగంలో కొత్తగా చేరిన వాళ్ళకు ‘ఉచిత యాప్‌లు పెట్టుకోకండి’ అని క్లాసు చెప్పేది ఎవరు? ఇతనే. తెర మీద బొమ్మలు వేసి మరీ చెప్తాడు. క్లాసు అయ్యాక క్యాంటీన్ మూలన కూర్చుని తాబేలు నొక్కుతాడు.

బస్సులోనూ నొక్కాడు. మారువేషంలో ఉన్నవాడు ఫోన్ చూడకపోతేనే అనుమానం వస్తుందని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. సిగ్గులేని మనసుకు సాకులు దొరకవా!

తల్లాడలో బస్సు ఆగింది. డబ్బా మీద తల్లాడ అని పడింది. మోతీలాల్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ జారింది. ఏన్కూరు వచ్చింది. డబ్బా మీద ఏన్కూరు పడింది.

శత్రువు ఇదే బస్సులో ఉన్నాడు!

అతను ఒక్కొక్క ముఖాన్నీ జల్లెడ పట్టాడు. కోళ్ళ గంప పెట్టుకున్న ముసలామె, నిద్రపోతున్న టీచరు, వెనక సీటులో ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని ఫోన్‌లో మునిగిపోయిన యువకుడు. ఆ యువకుడు మోతీలాల్‌కు తెలుసు. తమ తండా రాజు. జూలూరుపాడులో ఫోన్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. సామాన్ల కోసం ఆదివారాలు ఖమ్మం వస్తుంటాడు. ఈ వారం పండుగ కోసం ఒక రోజు ముందే వచ్చి పోతున్నాడు.

ఆదివారాలు. ఫోన్లు. ఇదే బస్సు. మోతీలాల్‌కు లెక్క కుదిరిపోయింది. ఆదివారాలు ఇదే బస్సులో తనూ ఇంటికి వెళ్తుంటాడన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు పాడుకుంటూ వాగుకు వచ్చారు. బుట్టల్లో మొలకలు పచ్చగా, జానెడు ఎత్తున ఊగుతున్నాయి. మోతీలాల్ ఒడ్డున కేబుల్ చుట్టతో నిలబడ్డాడు.

“మోతీ, ఆ మీసమేంది రా?” అన్నాడు తండా పెద్ద దస్రు నాయక్.

“నేను మోతీని కాదు తాతా. కేబుల్ మనిషిని.”

“అవ్, నేను గవర్నర్‌ని. బువ్వ తిన్నవా?”

మోతీలాల్ చేతిలోకి చూశాడు. డబ్బా మీద అక్షరాలు ఎర్రగా వెలుగుతున్నాయి. తునికివాగు టవర్. శత్రువు ఇక్కడే ఉన్నాడు. ఎదురుగా రాజు ఫోన్ పైకెత్తి పట్టుకుని ఏదో చేస్తున్నాడు. నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి దీపిక నవ్వుతోంది.

మోతీలాల్ ఒక్క దూకు దూకాడు. రాజు చెంప పగిలింది. ఫోన్ లాక్కుని, చేతులు వెనక్కి విరిచి, భుజానున్న కేబుల్‌తోనే మద్దిచెట్టుకు కట్టేశాడు.

“నేనేం చేసిన అన్నా? పండుగ వీడియో తీస్తున్న!”

“నోర్ముయ్! ఎవరికి పనిచేస్తున్నవ్?”

“కొట్టుకు వచ్చేటోళ్ళకు!”

పాటలు ఆగిపోయాయి. మోతీ పోలీసులాంటి ఏదో ఉద్యోగం చేస్తాడని తండాకు తెలుసు. అతను కట్టేశాడంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నారు. ఎవరో రాజు మీదికి మట్టిపెళ్ళ విసిరారు. ఇంకెవరో ఉమ్మారు. రాజు తల వంచుకున్నాడు.

అప్పుడే నల్ల కళ్ళద్దాల యాంకర్ మైకు పట్టుకుని గుంపులోంచి దూసుకొచ్చింది.

“మీ తండాలో ఇప్పసారా దొరుకుతుందా?”

“వానాకాలం పుట్టగొడుగులే దొరుకుతయ్” అన్నాడు మోతీలాల్. కోడ్ సరిపోయింది. “శ్యామలా, మనిషిని పట్టుకున్న.”

“పట్టుకుంటే కనెక్షన్ ఇంకా ఎందుకు నడుస్తోంది?” శ్యామల గొంతు తగ్గించింది. “ముహూర్తం ఇదే. ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ఏ క్షణమైనా గేటు లేస్తుంది.”

మోతీలాల్ రాజు ఫోన్ ఆపేశాడు. డబ్బా మీది ఎరుపు పోలేదు.

“అది కాదు. విను” అంది శ్యామల. “మెసేజ్‌లో వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఆ ఫోన్ వాడొక సీరియల్ పిచ్చోడట. వేరే దేశం సీరియల్ చూడటానికి ఉచిత యాప్ పెట్టుకున్నాడట. ఆ యాప్ వాడిని ఆ దేశం వాడిలా చూపిస్తుంది. దానికి బదులుగా వీళ్ళని వాడిలా చూపిస్తుంది. తాళం తీసిన ఇంట్లోంచి అన్నట్టు ఆ ఫోన్‌లోంచి వస్తూ పోతూ ఉన్నారు. వాడు ఈ టవర్ కిందికి ఎప్పుడొస్తే అప్పుడే వీళ్ళకు పని.”

“ఏం సీరియల్?”

“ఎవరో ఓడ కెప్టెన్ కూతురట. ఆమె ఉంగరం సముద్రంలో పారేసే సీను నిన్న బస్సులో వెళ్తూ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడట. ఏడ్చి కూడా ఉంటాడని నవ్వుకుంటున్నారు.”

మోతీలాల్ ఏడ్చిన మాట నిజం. తల్లాడ రాకముందు, కిటికీ వైపు తిరిగి, అతికించిన మీసం తడిసేలా ఏడ్చాడు.

తను వెతుకుతూ వచ్చినవాణ్ణి ఖమ్మం నుంచి తనే మోసుకొచ్చాడు. టికెట్ లేకుండా, సీటు లేకుండా, తన జేబులో కూర్చోబెట్టుకుని సరిగ్గా గేటు ముందుకు తెచ్చి దించాడు. చెయ్యి జేబులోకి పోవడానికి కూడా సిగ్గుపడింది.

ఎగువన సైరన్ మోగింది.

“పైకి రండి! దీపికా, జల్దీ ఒడ్డెక్కు!” అని అరుస్తూనే ఫోన్ తీసి బండరాయికేసి కొట్టాడు. అద్దం పగిలింది, వెలుగు పోలేదు. పగిలిన అద్దం కింద తాబేలు ఇంకా నవ్వుతోంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. రాయి పట్టుకుని దంచాడు.

డబ్బా మీది ఎరుపు ఆరిపోయింది.

ఎగువన గేటు అప్పటికే బెత్తెడు లేచి, అక్కడే ఆగింది. ఆ బెత్తెడులోంచి వచ్చిన నీళ్ళే వాగును నడుముల దాకా లేపాయి. బుట్టలు కొట్టుకుపోయాయి. పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని ఒడ్డుకు పాకారు. చివరనున్న దీపిక కాలు జారి మునిగి తేలింది. మోతీలాల్ దూకి ఆమె జడ దొరికితే జడ, చెయ్యి దొరికితే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ప్రాజెక్టు మనుషులు గేటును చేత్తో తిప్పి దించేసరికి ఒడ్డున అందరూ ఉన్నారు. దస్రు నాయక్ ఒక్కొక్క పిల్ల తలా తడిమి చూసుకున్నాడు. ఎవరూ తగ్గలేదు.

“మోతీ కాపాడిండు!” అని ఎవరో కేక వేశారు. ఆ కేకను తండా అంతా అందుకుంది. అతన్ని భుజాల మీదికి ఎత్తుకోబోయారు.

శ్యామల పక్కకు వచ్చింది. పగిలిన ఫోన్ వంకా అతని వంకా చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

“గుర్తు తెలియని ఫోన్ అని చెబుతాను చీఫ్‌కి. ఉద్యోగం ఉంటుంది. ఎవరికీ తెలియదు.”

ఎంత తేలిక! మోతీలాల్ ఒక్క క్షణం సరేననుకున్నాడు కూడా. ఆ క్షణంలో అతని కళ్ళు మద్దిచెట్టు వైపు వెళ్ళాయి. రాజు చెంప వాచి ఉంది. చొక్కా మీద ఉమ్మి ఉంది. నీళ్ళు వచ్చినప్పుడు కట్టేసి ఉన్నవాణ్ణి విప్పాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు. వాగు పొంగి వాడి మోకాళ్ళ దాకా తడిపి వెనక్కి పోయింది.

మోతీలాల్ వెళ్ళి కట్లు విప్పాడు. తర్వాత తండా వైపు తిరిగాడు.

“రాజు ఏం చేయలే. దొంగ ఫోన్ నాది. నా ఫోన్‌లకెల్లే వాళ్ళు లోపలికొచ్చిండ్రు. నేను ఊళ్ళోకి రాకపోతే గేటు లేవకపోతుండె.”

“నీ ఫోన్‌ల ఎట్లొచ్చిండ్రు రా?” అన్నాడు నాయక్.

“ఒక యాప్ పెట్టుకున్న తాతా. వేరే దేశం సీరియల్ చూద్దామని.”

తడిసిన బట్టలతో వణుకుతూ దీపిక అన్నను చూసింది. తొమ్మిది రోజులు ఉప్పు లేని తిండి తిని పెంచిన ఆమె బుట్ట వాగులో ఎక్కడికో కొట్టుకుపోయింది.

“సీరియల్ కోసమా అన్నా?”

“అవ్” అన్నాడు మోతీలాల్. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. శత్రువు చేతికి చిక్కినా ఇంత నరకం ఉండదు.

శ్యామల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇక రిపోర్టులో అబద్ధం రాయాల్సిన పని లేదు.

దస్రు నాయక్ ముందుకు వచ్చాడు. బుట్టలు ఎట్లా పోయినా వాగులోకే పోయాయి కాబట్టి పండుగ పండుగే అన్నాడు. నిమజ్జనం అయ్యాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ కాళ్ళు కడగాలి. మోతీలాల్ చెంబుతో నీళ్ళు తెచ్చి దీపిక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

దీపిక కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“ముందుగాల రాజన్న కాళ్ళు కడుగు. తర్వాత నా దగ్గరికి రా.”

తండా అంతా చూస్తుండగా, క్లాసులో పాఠాలు చెప్పే ఏజెంట్ చెంబు పట్టుకుని మద్దిచెట్టు దగ్గరికి నడిచాడు. రాజు వద్దు వద్దన్నాడు. నాయక్ వాణ్ణి భుజాలు పట్టి రాయి మీద కూర్చోబెట్టాడు. మోతీలాల్ ఆ బురద కాలును చేతుల్లోకి తీసుకుని వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగాడు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

“జల్దీ కానియ్యి అన్నా” అన్నాడు రాజు మెలికలు తిరిగిపోతూ. “కితకితలైతున్నయ్.”

“ఓర్సుకో తమ్మీ” అన్నాడు మోతీలాల్, తల ఎత్తకుండానే. “ఇంకో కాలున్నది.”