యాతం బావి కాడ ఒంటికన్ను దెయ్యం

పొద్దు గూకితే ఆ యాతం బావి దగ్గర కుక్క కూడా కాలెత్తదు.

అలాగని అది మన కంబదూరు పక్కనో, నల్లమాడ దారిలోనో ఉన్న బావి కాదు. రొమేనియా అనే దేశంలో, నల్లసముద్రానికి ఒక పూట దూరంలో, డోబ్రుజా అనే మెట్టసీమలో ఉంది. దెయ్యం కోసం అంత దూరం పోవాలా అంటారేమో. మనవాడు పోయాడు, కాబట్టి మనమూ పోవాలి.

మనవాడి పేరు కుళ్లాయప్ప. కంబదూరు దగ్గరి పల్లె. వాళ్ల నాయన గూగూడు పీర్లసామి కుళ్లాయప్పకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టే పనిలో చేరి, నూరడుగుల స్తంభాన్ని టెంకాయ చెట్టెక్కినట్టు ఎక్కేసి బోల్టులు బిగించేవాడు. అంత ఎత్తులో లేని భయం, నేల మీద చీకటి పడితే మాత్రం ఎక్కడినుంచో ఊడిపడేది.

2009లో కంపెనీ వాళ్లు అతన్నీ, క్రేను తోలే ఈరప్పనీ ఆ దేశం పంపారు. తొమ్మిది మరలు నిలబెట్టాలి. తొమ్మిదోది లేచిన మర్నాడే తిరుగు టికెట్టు. అప్పటికి కుళ్లాయప్ప భార్య రామాంజినమ్మకు నాలుగో నెల. పుట్టిల్లు కదిరి పక్కన, కార్తీకంలో కాన్పు.

"బిడ్డ మొగం మొదట నేనే చూడాల. అంతలోపల వచ్చేస్తా" అని కదిరి బస్టాండులో ఆమె చేతిలో చెయ్యేసి చెప్పి బయలుదేరాడు.

విమానం దిగి, వ్యానెక్కి, డాన్యూబు ఏరు దాటాక కుళ్లాయప్ప కళ్లు నులుముకున్నాడు. చెట్టూ చేమా లేని దిబ్బలు. ఎండిన గడ్డి. గొర్రెల మందలు, మందల వెనక కంబళ్లు కప్పుకున్న కాపరులు. దుమ్ము లేపుకుంటూ గాలి.

"ఏమప్పా ఈరప్పా, ఇన్ని గంటలు పైన ఎగిరి మళ్లా మనూరికే వచ్చినామా?"

"ఊరకుండప్పా. ఈడ పొలాలకి నీళ్లుండాయి."

దారి పొడుగునా ఊరికో తీరు మనుషులు. ఒక ఊళ్లో మసీదు, తాతారు తెగ ముసలాళ్లు. పక్క ఊళ్లో నీలం కిటికీల ఇళ్లు, గడ్డాలు పెంచిన రష్యా జాలర్లు. ఆ పై ఊళ్లో రొమేనియా వాళ్ల గుడి గంట. ఎవరి పండగ వాళ్లది, అంగడి మాత్రం అందరిదీ ఒకటే. ఊళ్ల పేర్లు నోరు తిరగక, కుళ్లాయప్ప తాము దిగిన ఊరికి కంబదూరనీ, పక్క ఊరికి నల్లమాడనీ పేర్లు పెట్టేశాడు.

వాళ్లకు గది ఇచ్చింది సాబ్రియే అనే తాతారు అవ్వ. చాయ్, సాబూన్, హవా, దునియా... ఇన్ని మాటలు ఆమెవీ మన ఉర్దూవీ ఒకటే అని తెలిసేసరికి కుళ్లాయప్పకు ప్రాణం లేచొచ్చింది. మిగిలింది చేతులు తిప్పి చెప్పుకునేవారు. అవ్వ చేతులు మహా స్పష్టంగా మాట్లాడేవి.

ఎనిమిది మరలు లేచాయి. తొమ్మిదోదాని చోటు, కొయ్య వంచి నీళ్లు తోడే ఆ యాతం బావి పక్కన. సామాను కాపలాకని ఈసారి వీళ్లిద్దరూ బావికి ఎదురుగా ఒక ఇనుప డబ్బా గదిలో పడుకోవాల్సి వచ్చింది. బావి వైపు చూపించి అవ్వ చెంపలు వాయించుకుంది. బావిలో ఎవరో ఎప్పుడో పడ్డారట. ఎవరనేది ఊరికో మాటగా చెప్పుకుంటారు.

వారం తిరక్కుండానే మొదలైంది.

తెల్లవారుజామున పాలు తీసుకెళ్లేవాడు మొదట చూశాడు. తలా మొలా తేడా లేకుండా ముసుగు. చేతిలో ఏదో కుండ. యాతం కిర్రుమని వంగింది... నీళ్లు తోడుకుంది... చేను గట్టున కూలబడింది. ముసుగులో ఒకే ఒక్క కన్ను. ఎర్రటిది. ఒకసారి మండుతుంది — ఒకసారి మసకేస్తుంది. పైగా ఏదో గొణుగుడు.

పాలవాడు క్యాను వదిలేసి పరిగెత్తాడు.

మూడోనాడు దాన్ని మొక్కజొన్న చేలో చూశారు. అయిదోనాడు కాలవ మోరీ మీద. మనిషి అలికిడైతే చాలు, మాయం. కథ నోరు మారినకొద్దీ దెయ్యం ఎదిగింది. వారానికల్లా ఏడడుగులైంది.

కుళ్లాయప్పకు జ్వరమొచ్చినంత పనైంది.

"ఈరప్పా... నేను బావి వదిలి చేలోకి పోతే, అదీ చేలోకే వచ్చినాది. మోరీకాడికి పోతే ఆడికీ వచ్చె. నన్నే వెతుక్కుంటాండాది."

ఈరప్ప అప్పటికే నిద్రపోయాడు. క్రేను తోలేవాళ్లకు నిద్ర అలా వస్తుంది, అదృష్టవంతులు.

అంతవరకూ అయితే భయపడి ఊరుకునేవాడే. కానీ కూలీలు పనికి రావడం మానేశారు. దెయ్యం పోతేనే మర లేస్తుంది, లేకపోతే మంచు పడి వచ్చే ఏడాదికి వాయిదా అని పెద్ద మేస్త్రీ తేల్చేశాడు. కార్తీకం ముంచుకొస్తోంది. ఫోనులో రామాంజినమ్మ "యాడుండావు? ఎప్పుడొస్తావు?" అంటుంటే, కుళ్లాయప్పకు "వస్తాండా, వస్తాండా" అనడం తప్ప చేసేది లేకపోయింది.

చివరికి పెద్దమనుషులు ముగ్గురు కదిలారు. మసీదు హోజా, రొమేనియా పాదిరి, రష్యా వాళ్ల గడ్డం పూజారి. ముగ్గురూ ఒక రాత్రి బావి దగ్గర కాపలా కూర్చున్నారు. అవ్వ చాయ్ కాచి పోసింది. కుళ్లాయప్ప తన వంతుగా నిమ్మకాయా ఎండుమిరపకాయలూ గుచ్చి యాతం కొయ్యకు కట్టాడు.

మొదట వాదన ఈ దెయ్యం ఎవరిదని. మావి కుండలు మొయ్యవు అన్నాడు హోజా. మావి ముసుగెయ్యవు అన్నాడు పాదిరి. మావాళ్లయితే నీళ్లలోంచి తడి గడ్డంతో వస్తారు అన్నాడు గడ్డం పూజారి. అర్ధరాత్రి దాటేదాకా తర్కించి, ఆ ముగ్గురూ జీవితంలో మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. ఇది పరదేశి దెయ్యం.

మూడయింది. నాలుగయింది. దెయ్యం రాలేదు. ఎవరి మంత్రానికి వాళ్లు మీసాలు దువ్వుకున్నారు.

సరిగ్గా ఇక్కడ, కుళ్లాయప్ప ఎప్పుడు చెప్పినా, కథ ఒక్క దూకు దూకుతుంది. "తెల్లారేసరికి పీడ వదిలిపోయినాది" అంటాడు, అంతే. మధ్యలో జరిగిందేమిటో ఈరప్ప చెబితేనే లోకానికి తెలిసింది.

కుళ్లాయప్పకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు. తెల్లవారుజామున నాలుగుంపావుకు, గడియారం తప్పినా అతని కడుపు తప్పదు. పని జాగాలో కంపెనీవాళ్లు ప్లాస్టిక్ డబ్బా దొడ్డి పెట్టారు గానీ, అందులో ఊపిరాడదు, పైగా నీళ్లుండవు. మనవాడికి ఆరుబయలు కావాలి, చెంబు కావాలి, బీడీ కావాలి. చలికి తలమీదుగా తెల్ల దుప్పటి. చీకటి భయానికి ఆంజనేయ దండకం.

ఆ రాత్రీ నాలుగుంపావు అయింది.

ఇంతమంది పెద్దలు కావలి ఉండగా దెయ్యం రాదులే అని ధైర్యం చెప్పుకుని, దుప్పటి కప్పుకుని, చెంబు పట్టుకుని, బీడీ ముట్టించి, సందు చూసుకుని జారుకున్నాడు. యాతం కిర్రుమంది...

టార్చిలైట్లు అన్నీ ఒక్కసారి తిరిగాయి.

ఆ తర్వాత ఎవరు ముందు పరిగెత్తారో చెప్పడం కష్టం. హోజా చెప్పు ఒకటి బావిలో పడింది. పాదిరిగారి టోపీ మొక్కజొన్నల్లో దొరికింది. కుళ్లాయప్ప కూడా "దెయ్యం! దెయ్యం!" అని అరుస్తూ వాళ్ల వెనకే పరిగెత్తాడు. దెయ్యం వెంట పడుతోందని వాళ్లు ఇంకా జోరు పెంచారు.

ఆ గోలకు గదిలోంచి లేచొచ్చిన ఈరప్ప, మనవాడి దుప్పటి కొంగు పట్టి ఆపాడు.

"యాడికిరా పరిగెత్తేది? ఆ దెయ్యం నువ్వేరా!"

"నేనా?"

"చెంబెవరిది? బీడీ ఎవరిది?"

కుళ్లాయప్ప చెంబు వైపు చూశాడు, బీడీ వైపు చూశాడు. కాళ్లు మాత్రం ఇంకా పరుగందుకోబోతూనే ఉన్నాయి, వాటికి సంగతి అందలేదు.

తెల్లవారింది. కూలీలు మూటలు సర్దుకుని వ్యానెక్కుతున్నారు. ఒప్పుకుంటే మానం పోతుంది. ఒప్పుకోకపోతే బిడ్డ మొగం ఎవరో ముందు చూస్తారు. కుళ్లాయప్ప ఎక్కువసేపు ఆలోచించలేదు. వ్యానుకు అడ్డంగా నిలబడి, తలమీదుగా దుప్పటి కప్పుకున్నాడు. బీడీ వెలిగించాడు. చెంబు ముందు పెట్టుకుని, మూడు మతాల ముందూ గొంతుకూర్చున్నాడు. దండకం కూడా రెండు ముక్కలు గొణిగాడు.

వ్యానెక్కినవాళ్లు మెడలు చాచి చూశారు.

ముందు రష్యా గడ్డం కదిలింది. తర్వాత పాదిరి పొట్ట. ఆ తర్వాత నవ్వనివాడు లేడు. హోజా ఒక్కడే నవ్వకుండా దగ్గరికొచ్చి, చెంబులో నీళ్లు చూసి, మెచ్చుకోలుగా భుజం తట్టాడు. నీళ్ల విలువ తెలిసిన మనిషి.

పదకొండు రోజుల్లో తొమ్మిదో మర తిరిగింది.

ప్రయాణం రోజు అవ్వ వ్యాను దగ్గరికొచ్చి, ఒక రొట్టె చేతిలో పెట్టింది. పెట్టి, కదల్లేదు. ఏదో అడగాలని ఉన్నట్టుంది. తన ఇంటి కిటికీ చూపించింది, అక్కణ్ణుంచి బావి చూపించింది. తాను నిద్రపట్టక రోజూ చూసేదాన్నని కళ్లు చూపించింది.

తర్వాత రెండు వేళ్లు ఎత్తింది.

కుళ్లాయప్ప సిగ్గుపడుతూ ఒక వేలు చూపించాడు. "ఒకడే అవ్వా. నేనొక్కణ్ణే."

అవ్వ తల అడ్డంగా ఊపింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలమీద గొంతుకూర్చుంది. ఇది నువ్వు, అని అతన్ని చూపించింది. లేచి, ఒక్క మూర పక్కకు జరిగి, మళ్లీ కూర్చుంది. తన ముందు లేని చెంబొకటి పెట్టుకుంది. ఇది ఎవరు, అని కళ్లెత్తి చూసింది.

కుళ్లాయప్ప మెల్లగా ఈరప్ప వైపు తిరిగాడు.

"నేను కాదప్పా! నేను దినామూ ఆ ప్లాస్టిక్ డబ్బాలోకే గదా పోతాంటి!"

అవ్వ ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది. ఒక చూపుడువేలు నిలబెట్టింది, అది అతని బీడీ. రెండో వేలు మెల్లగా వంచి, మొదటిదాని కొసకు ఆనించింది... ఒక క్షణం ఉంచింది... తీసింది. ఇప్పుడు రెండూ మండుతున్నట్టు ఊదింది.

దారంతా కుళ్లాయప్ప రొట్టె తినలేదు. బీడీ కట్ట డాన్యూబులో పారేశాడు.

కాన్పుకు రెండు రోజుల ముందే కదిరిలో దిగాడు. ఆడపిల్ల. మొదట మొగం చూసింది అతనే. అయితే బిడ్డకు పేరన్నా పెట్టకముందే తన పల్లెకు పోయి, కంబదూరు నుంచి మేస్త్రీని పిలిపించి, ఇంటి గోడకు ఆనించి మరుగుదొడ్డి కట్టమన్నాడు. ఆఫీసర్లు పదేళ్లు మైకులు పెట్టి బతిమాలినా కట్టని మనిషి. పెళ్లయిన నాటినుంచీ అడిగి అడిగి విసిగిన రామాంజినమ్మ, పుట్టింట్లో బాలింత మంచంలోనే ఆ సంగతి విని నోరు తెరిచింది.

పునాదికి ముగ్గు పోస్తూ మేస్త్రీ అన్నాడు. "అన్నా, జాగా ఉండాది గదా, ఇంగో రెండడుగులు పెద్దగా కడదామా?"

కుళ్లాయప్ప గొంతు తగ్గించాడు.

"వద్దప్పా. ఒక్కడు కూకుంటే ఇంగొకడు పట్టకూడదు."